రోజులో నలభై నిమిషాలు నావి కావడానికి పట్టిన పది నెలలు: నా అనుభవం

పెన్సిల్‌తో ఒక మనిషి ముఖం గీస్తే, చూసినవాళ్లు అది ఎవరో గుర్తుపట్టాలి. చదువుకునే రోజుల నుంచీ నాకు ఉన్న కోరిక ఇది. ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు, మాతోనే ఉండే అత్తయ్య, వీటన్నిటి మధ్య "కాస్త వీలు చిక్కనీ" అనుకుంటూనే పదిహేనేళ్లు గడిచిపోయాయి. ఈ జనవరిలో పట్టుబట్టి మొదలుపెట్టాను. ఇప్పుడు అక్టోబరు. పొద్దున్నే నలభై నిమిషాలు నావి అన్నది ఇంట్లో అందరికీ అలవాటైంది. ఆ నలభై నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటికి ఏం ఖర్చయిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇల్లూ ఉద్యోగమూ చూసుకుంటూ ఏదో ఒకటి నేర్చుకోవాలని ఉన్నవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

జనవరి మొదటి వారంలో పెన్సిల్ ముట్టుకోలేదు. ముందు టైమ్ ఎటు పోతోందో తెలియాలి కదా అని ఒక చిన్న నోటుబుక్కు హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని, అరగంటకు ఒకటి రెండుసార్లు అప్పుడేం చేస్తున్నానో రాసుకున్నాను. వారానికి 168 గంటలు. నిద్ర, ఆఫీసు, రాకపోకలు తీసేసినా లెక్కకు చాలానే మిగలాలి. మిగిలాయి కూడా, కానీ ఒక్కచోట లేవు. ఆ మంగళవారం పేజీలో ఇలా ఉంది: "రాత్రి 8.10, బాబు షూ వెతికాను. 8.20, పాప రేపటి పుస్తకాలు. 8.35, అత్తయ్య మాత్రలు. 8.45, ఆఫీసు నుంచి ఫోన్. 9.00, వంటిల్లు. 9.40, ఫోన్ చూస్తూ కూర్చున్నా. 10.15, ఇంకా ఫోనే. 10.50, బట్టలు ఇస్త్రీ చేయలేదని గుర్తొచ్చి లేచాను."

ఇందులో పెద్ద పని ఒక్కటీ లేదు. అయినా సాయంత్రం ఆరు నుంచి పదకొండు వరకు ఒక్క ఇరవై నిమిషాలు కూడా తెగకుండా నా చేతిలో లేవు. ఫోన్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్ లెక్క ఉంటుంది కదా, అదీ చూశాను. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోన్‌లో గడిపిన సేపు నేను అనుకున్నదానికి రెట్టింపు ఉంది. అది చూసి బాధ వేసింది కానీ, ఆ పేజీలన్నీ మళ్లీ చదివితే ఇంకో సంగతి అర్థమైంది. రోజంతా ఎవరో ఒకరికి ఏదో ఒకటి గుర్తుచేస్తూ, వెతికిపెడుతూ తిరిగిన మనిషికి ఆ ఫోన్ ఒక్కటే ఎవరూ ఏమీ అడగని చోటు. అక్కడి నుంచి దాన్ని లాగేస్తే సరిపోదు, దానికి ముందున్న గంటలు మారాలి. ఈ మాట ఆ రోజు నోటుబుక్కులో రాసుకున్నాను గానీ, దాని మీద ఏదైనా చేయడానికి మార్చి దాకా పట్టింది.

జనవరి మిగతా రోజులు రాత్రిపూట గీసి చూశాను. పది గంటలకు కూర్చుంటే కళ్లు మండేవి, గీత వణికేది. పైగా ఎవరో ఒకరు పిలిచేవారు. రాత్రి పది గంటలకు ఖాళీగా కూర్చుని కనిపిస్తే మన ఇళ్లలో ఆ మనిషి ఏ పనికైనా దొరికినట్టే లెక్క. ఫిబ్రవరిలో పొద్దున ఐదుకు మార్చాను. ఆ టైమ్‌లో ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, మనసూ తేటగా ఉంటుంది. మొదటి వారం ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ రాత్రి పడుకునేది మాత్రం పదకొండున్నరకే. పెద్దవాళ్లు రోజూ కనీసం ఏడు గంటలు నిద్రపోవాలని అమెరికాలోని నిద్ర వైద్య సంఘాలు 2015లో చెప్పాయి. నాకు దక్కుతున్నది ఐదున్నర. నెల చివరికి ఆఫీసులో అంకెలు అలుక్కుపోతున్నట్టు కనిపించేవి, సాయంత్రం పిల్లల మీద ఊరికే విసుక్కునేదాన్ని. పొద్దున బొమ్మ బాగా వచ్చిన రోజే సాయంత్రం పాపను కసిరాను, అది ఏడ్చింది. ఈ పద్ధతి నడవదని ఆ రోజే తేల్చుకున్నాను. పొద్దున్నే లేవాలంటే రాత్రి పదికల్లా పడుకోవాలి. పదికి పడుకోవాలంటే తొమ్మిదికీ పదకొండుకీ మధ్య నేను చేస్తున్న పనులు ఇంకెవరైనా చేయాలి, లేదా అసలు జరగకూడదు. మూడో దారి లేదు.

అంటే ఇంట్లో అడగాలి. దీనికి నాకు రెండు వారాలు పట్టింది. ఉద్యోగం కోసమైతే ఒక్క క్షణం ఆలోచించకుండా అడిగేదాన్ని. పిల్లల చదువు కోసమైనా అంతే. కానీ "నాకు బొమ్మలు గీసుకోవాలని ఉంది, అందుకని మీరు ఈ పని చేయండి" అనడానికి నోరు రాలేదు. దీని వల్ల డబ్బు రాదు, పేరు రాదు, ఇంట్లో ఎవరికీ ఉపయోగం లేదు. నా ఇష్టం కోసం ఇంకొకరు కష్టపడటం ఏమిటన్న గిల్టీ ఫీలింగ్ గొంతులోనే ఉండిపోయేది. ఈ పది నెలల్లో నాకు అన్నిటికంటే కష్టమైనది ఆ రెండు వారాలే.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నోటుబుక్కు తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. ఆయన నాలుగైదు పేజీలు తిప్పి చూశారు.

"రోజూ గీయాలా? ఆదివారాలు గీసుకోవచ్చుగా" అన్నారు.

"ఆదివారం ఒక్కరోజే అయితే పోయిన వారం నేర్చుకున్నది చేతికి గుర్తుండదండీ. రోజూ కొంచెం కొంచెం గీస్తేనే వస్తుంది."

"సరే. రాత్రి ఏ పని చేయాలో చెప్పు, చేసేస్తాను."

అక్కడే నేను ఆగాల్సి వచ్చింది. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ రోజూ గుర్తుపెట్టుకుని చెప్పడమే నన్ను ఎక్కువగా అలసిపోయేలా చేస్తోందని ఆ పేజీలు చూశాకే నాకు తెలిసింది. "చెప్పడం కూడా నా పని కాకుండా ఉండాలి. స్కూలు సంగతి మొత్తం మీరు తీసుకోండి. మెసేజ్‌లు చదవడం, ఫీజు తేదీలు, ప్రాజెక్టులు, బ్యాగులు, యూనిఫాం అన్నీ మీరే. నేను అడగను, మీరు నాకు చెప్పనక్కర్లేదు" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి, స్కూలు మెసేజ్‌లు ఏ నంబరుకు వస్తున్నాయో, దాన్ని ఎలా మార్చాలో అడిగారు. ఆ రోజే మార్పించారు. సాయం చేస్తానన్న మాట ఆయన అంతకుముందు చాలాసార్లు అన్నారు. కానీ ఒక పని ఆసాంతం నా తల మీంచి దిగడం మాత్రం అదే మొదలు.

ఏప్రిల్ మొదట్లో అది సాఫీగా ఏమీ సాగలేదు. బాబు ఒక రోజు చార్టు లేకుండా స్కూలుకు వెళ్లాడు. పాప యూనిఫాం ఇస్త్రీ లేకుండానే వేసుకుపోయింది. నాకు ముందురోజు రాత్రే రెండూ కనిపించాయి. లేచి చేసేద్దామా అని కాళ్లు లాగాయి. చేస్తే ఆ పని మళ్లీ నాదే అవుతుందని పక్క మీదే ఉండిపోయాను, నిద్ర మాత్రం పట్టలేదు. ఆ రెండు వారాలు గీయడం కంటే ఊరుకోవడం కష్టమైంది. నెలాఖరుకు ఆయన తనదైన పద్ధతి పెట్టుకున్నారు. ఆదివారం సాయంత్రమే వారానికి సరిపడా ఇస్త్రీ, గోడ మీద ఒక క్యాలెండరు, అందులో పిల్లలే రాసుకునే తేదీలు. నేను చేసిన విధంగా కాదు, దానికంటే మెరుగ్గా ఉంది. పదేళ్ల బాబు ఇప్పుడు తన షూ తనే తలుపు దగ్గర పెట్టుకుంటున్నాడు.

అత్తయ్య విషయంలో నేను ఊహించనిది జరిగింది. ఆవిడ ఏమంటారోనని భయపడ్డాను. ఆవిడ రోజూ ఐదింటికే లేచి ఒంటరిగా హాల్లో కూర్చుంటారు. నేను కిటికీ పక్కన గీసుకోవడం మొదలుపెట్టాక ఆవిడా నా ఎదురుగా వచ్చి కూర్చునేవారు. కాలింగ్ బెల్ మోగితే "నువ్వు లేవకు, నేను చూస్తాలే" అనేవారు. మే నెలలో ఒక రోజు "ఎప్పుడూ ఆ ఫోటోలే గీస్తావు, నన్ను గీయవూ?" అన్నారు. అప్పటి నుంచి ఆవిడే నా మోడల్. కదలకుండా కూర్చోవడం ఆవిడకు బాగా వచ్చు.

ఇక గీయడంలో నాకు ఎదురైన చిన్న చిన్న సంగతులు. మొదట్లో నలభై నిమిషాల్లో పది నిమిషాలు సామాను తీయడానికీ సర్దడానికీ పోయేవి. కాగితాల ప్యాడు, HB, 2B, 4B, 6B పెన్సిళ్లు (B ముందు అంకె పెరిగేకొద్దీ గీత మెత్తగా, నల్లగా పడుతుంది), పిండిలా మెత్తగా సాగే రబ్బరు, పెన్సిల్ చెక్కేది, ఇవన్నీ బీరువాలో ఉండేవి. కిటికీ పక్కన ఒక చిన్న బల్ల వేసి, గీసిన కాగితం గీసినట్టే వదిలేసి పైన ఒక గుడ్డ కప్పడం మొదలుపెట్టాక ఆ పది నిమిషాలు మిగిలాయి. ఆ బల్ల మీద ఇంకేమీ పెట్టకూడదని ఇంట్లో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. లేకపోతే మూడు రోజుల్లో దాని మీద ఇస్త్రీ బట్టలు చేరేవి. కుడిచేత్తో గీసేవాళ్లకు వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి, లేదంటే మన చేతి నీడే కాగితం మీద పడుతుంది. ఇది తెలియక ముందు కళ్లజోడు మార్చుకోవాలేమో అనుకున్నాను.

రేపు ఏం గీయాలో రాత్రే కాగితం మీద రాసిపెట్టుకోవడం నాకు చాలా ఉపయోగపడింది. "ఐదున్నరకు బల్ల దగ్గర కూర్చోగానే ఎడమ చెవి" అని రాసి ఉంటే చెయ్యి దానంతట అదే మొదలవుతుంది. "ఏదో ఒకటి గీద్దాం" అనుకుంటే పావుగంట ఫోటోలు వెతకడానికే సరి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తామో ముందే తేల్చుకుంటే అనుకున్న పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో వివరించారు. నా విషయంలో అది అక్షరాలా నిజమైంది.

ఫోన్ మాత్రం ఆ టైమ్‌లో వేరే గదిలో ఉండాల్సిందే. ఆఫీసు మెయిల్ ఒక్కటి చూసి వచ్చి కూర్చున్నా, చేతిలో పెన్సిల్ ఉంటుంది గానీ మనసు ఆ మెయిల్‌కు జవాబు రాస్తూ ఉంటుంది. ఒక పని వదిలి ఇంకో పనికి వచ్చినా శ్రద్ధలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. అది చదివాక నాలో లోపమేమీ లేదని ఊరట కలిగింది. ఇరవై ఐదు నిమిషాల టైమర్ పెట్టుకుని, ఐదు నిమిషాలు విరామం ఇచ్చే పొమొడోరో పద్ధతి కూడా ప్రయత్నించాను. చాలామందికి పనిచేస్తుందట. నాకు మాత్రం ఇరవై నిమిషాలు దాటాకే ముఖంలోని నీడలు నిజంగా కనిపించడం మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే గంట మోగితే చిరాకు వేసేది. ఇప్పుడు చివర ఒక్క అలారం మాత్రమే పెట్టుకుంటున్నాను.

ఏప్రిల్‌లోనే వారానికి ఒకసారి జరిగే డ్రాయింగ్ క్లాసుకు పేరు ఇచ్చాను. సీటు ఖాళీ లేదు, వెయిటింగ్ లిస్టులో ఉంచారు. జూన్ రెండో వారంలో పిలుపు వచ్చింది. దాదాపు రెండు నెలలు. ఆ రెండు నెలలూ ఒంటరిగా గీసిన ముఖాలన్నీ ఒకే రకంగా తేడాగా ఉండేవి, ఎందుకో తెలిసేది కాదు. మొదటి క్లాసులో మాస్టారు నా కాగితం చూసి, స్కేలు తీసి, నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిచారు. "కళ్లు ఎక్కడ పెట్టారమ్మా? తల మొత్తం ఎత్తులో సగం దగ్గర ఉండాలి. మీరు నుదురు తగ్గించి పైకి పెట్టేస్తున్నారు. కొత్తవాళ్లంతా ఇలాగే పెడతారు" అన్నారు. నెలల తరబడి అంతుపట్టకుండా ఉన్నది ఒక్క నిమిషంలో తేలిపోయింది. సొంతంగా నేర్చుకోవచ్చు, కానీ మన కాగితం చూసి చెప్పే మనిషి వారానికి ఒకసారైనా ఉంటే ఆ నలభై నిమిషాలకు విలువ పెరుగుతుంది. దొరికిన టైమే తక్కువ కాబట్టి అది వృథా కాకుండా చూసుకోవడమూ ముఖ్యమే.

జూన్ చివర్లో ఆఫీసులో మూడు నెలల లెక్కలు ముగించే పని, అదే వారం బాబుకు జ్వరం. తర్వాత అది పాపకు అంటుకుంది. దాదాపు రెండు వారాలు బల్ల మీద గుడ్డ తీయలేదు. జూలైలో మళ్లీ కూర్చోవాలంటే భయం వేసింది, ఇన్నాళ్లదీ పోయిందేమోనని. ఒక అలవాటు ఇరవై ఒక్క రోజుల్లో స్థిరపడుతుందని అందరూ అంటారు కదా, నాకు అప్పటికే ఐదు నెలలు దాటినా ఇంత తేలిగ్గా ఎలా తెగిందో అని దిగులు. అప్పుడు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం చేసిన అధ్యయనం గురించి చదివాను. 2010లో అచ్చయింది. 96 మందితో 12 వారాలు చేశారు. ఒక పని దానంతట అదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి అంచనా 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. నాది ఒక్కసారి కాదు, రెండు వారాలు. అందుకని మళ్లీ పది నిమిషాలతో మొదలుపెట్టాను. అత్తయ్య చెవి ఒక్కటే, రోజూ. చెవి పైఅంచు లోపలికి ముడుచుకునే చోట ఒక సన్నని చీకటి గీత ఉంటుంది, దాని కింద ఆవిడ కమ్మ బరువుకు సాగిన తమ్మె, తమ్మె అంచున పల్చటి వెలుగు. నెలాఖరుకు మళ్లీ నలభైకి వచ్చాను.

ఆగస్టులో అసలు ఖర్చు ఎదురైంది. పొద్దున ఆరింటి నుంచి ఉండే ఒక బాధ్యత తీసుకుంటారా అని ఆఫీసులో అడిగారు. జీతం కొంత పెరిగేది. రెండు రోజులు టైమ్ అడిగాను. ఇంట్లో మాట్లాడితే మా ఆయన "నీ ఇష్టం, డబ్బు లేకపోయినా గడుస్తుంది" అన్నారు. అత్తయ్య ఏమీ అనలేదు. వద్దని చెప్పాను. అది నా తోటి ఉద్యోగికి వెళ్లింది, ఆమె బాగా చేస్తోంది. నెల మొదట్లో జీతం పడినప్పుడు ఇప్పటికీ ఒకసారి మనసు కలుక్కుమంటుంది. గడవని పరిస్థితి ఉన్నవాళ్లు ఈ నిర్ణయం ఇలా తీసుకోలేరు, అది నాకు తెలుసు. నాకు ఆ వెసులుబాటు ఉంది కాబట్టి వాడుకున్నాను.

స్నేహితుల విషయంలోనూ కొంత పోయింది. రాత్రి పదకొండు దాకా ఫోన్‌లో మాట్లాడుకునే ఒక స్నేహితురాలు "నువ్వు మారిపోయావే" అని అలిగింది. ఆదివారం మధ్యాహ్నాలు నేనే ఫోన్ చేయడం మొదలుపెట్టాను. మునుపటంత కాకపోయినా మాట్లాడుకుంటున్నాం. డబ్బు పరంగా కాగితాలు, పెన్సిళ్లు పెద్ద లెక్క కాదు. క్లాసు ఫీజే ఎక్కువ, తర్వాత ఒక మంచి టేబుల్ ల్యాంపు. ఖరీదైన పెన్సిళ్ల డబ్బా మొదట్లోనే కొనాల్సిన పని లేదు, నాలుగు పెన్సిళ్లతో నాకు ఆరు నెలలు గడిచాయి.

సెప్టెంబరు రెండో వారంలో అత్తయ్య ముఖం మొత్తం పూర్తయింది. పదిరోజులు పట్టింది. బల్ల మీదే వదిలేసి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి బాబు దాన్ని పట్టుకుని "నానమ్మ కోపంగా ఉన్నప్పుడు గీశావా?" అన్నాడు. ఆవిడ కనుబొమల మధ్య ఆ ముడత నేను కావాలని పెట్టలేదు, ఉన్నది ఉన్నట్టు గీస్తే వచ్చింది. అడక్కుండానే గుర్తుపట్టాడు! ఆ రాత్రి సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఆయన ఆ బొమ్మను ఫోటో తీసి వాళ్ల అన్నయ్యకు పంపారు, నాకు చెప్పకుండానే. అత్తయ్య మాత్రం "ముక్కు ఇంత లావా?" అని అద్దం తెప్పించుకుని చూసుకున్నారు.

వచ్చే మార్చిలో పాపకు పెద్ద పరీక్షలు ఉన్నాయి. అంతకు ముందు రెండు నెలలు పొద్దున తన పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. వారంలో నేను మూడు రోజులు, ఆయన మూడు రోజులు అని ఇప్పుడే క్యాలెండరు మీద రాసేశాం. ఆ మూడు రోజులు నాకు గీయడం ఉండదు, ఒప్పుకున్నాను. ఈలోగా మాస్టారు బొగ్గుతో గీయడం మొదలుపెట్టమన్నారు. బొగ్గు వేళ్లకూ బల్లకూ అంటుతుంది, చేతులు కడుక్కుని బల్ల తుడవడానికే ఐదారు నిమిషాలు పడుతోంది. అందుకని అలారం ఐదు నిమిషాలు ముందే మోగేలా మార్చాను.